బండిలో చోటు

1854 జనవరి 1న ఇంకా తెల్లవారకముందే ఒంగోలు పక్కనున్న గుట్ట మీదికి ఐదుగురు మనుషులు ఎక్కారు. నెల్లూరు నుంచి ఊరూరా ఆగుతూ, కనబడ్డవాళ్ళకి నాలుగు మాటలు చెప్పుకుంటూ వచ్చిన ప్రయాణం వాళ్ళది. వెనక ఆసరా పెద్దగా లేదు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు మిషన్ పెట్టి పదిహేనేళ్ళు దాటినా చేరినవాళ్ళు బహు కొద్దిమంది. అంతకు ముందు ఏడాదే ఆల్బనీ నగరంలో జరిగిన వాళ్ళ వార్షిక సభలో, ఈ తెలుగు మిషన్‌ని ఇక మూసేద్దామా అన్న చర్చ కూడా నడిచింది. ఆ స్థితిలో ఐదుగురూ గుట్ట మీద మోకరించి, ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. పన్నెండేళ్ళకి, 1866లో, జాన్ క్లౌ వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఆ గుట్టని ఈనాటికీ ప్రార్థన కొండ అంటారు. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా లైమన్ జూయెట్ దొర ప్రార్థించాడనీ, క్లౌ దొర వచ్చాడనీ చెప్పి ముగిస్తారు. కానీ గుట్టెక్కిన ఐదుగురిలో జూయెట్ దంపతులు పోగా మిగిలిన ముగ్గురూ తెలుగువాళ్ళే. ఒకాయన బోధకుడు. తక్కిన ఇద్దరూ స్త్రీలు, జూలియా, రూతు. తెలుగు ఆడవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి, మతం మాట చెప్పడానికి కట్టకట్టుకుని దూరప్రయాణం చెయ్యడం ఆ రోజుల్లో ఎంత అరుదో తెలిసినవాళ్ళకి, ఈ కథలో నిలబడి చూడాల్సిన చోటు అదేనని తోస్తుంది.

తెలుగునాట క్రైస్తవ సేవ చరిత్రని మనం బంగళాల చరిత్రగా రాసుకున్నాం. ఏ మిషన్ ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ దొర ఏ బడి కట్టాడు, ఏ ఆసుపత్రి పెట్టాడు, ఇదే వరస. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్ళు, 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్, 1842లో గుంటూరులో లూథరన్ హేయర్. తేదీలన్నీ సరైనవే. అయితే ఈ తేదీల మధ్య ఖాళీల్లో మాట ఊరినుంచి ఊరికి ఎలా పాకిందన్నది ఆ జాబితా చెప్పదు. పాకించింది ప్రయాణాలు. నలుగురైదుగురు తోటి విశ్వాసులు జట్టుగా, సద్దిమూట కట్టుకుని, తమవాళ్ళున్న మరో పల్లెకి వెళ్ళిన ప్రయాణాలు. ఆ జట్టులో ఎవరు ఎవరితో ఎలా మెలిగారు, బండిలో ఎవరికి చోటు దొరికింది, ఎవరు పక్కన నడిచారు, రాత్రి ఒక్క కుండలో కూడు ఎవరెవరు తిన్నారు అన్నదాన్నిబట్టే ఆ పని నిలబడ్డమో కుంటుపడ్డమో జరిగింది. బంగళా కన్నా బండే ఈ చరిత్రకి సరైన కొలత అని నా వాదన.

దారి మిషనరీలు వేసింది కాదు, అది ముందునుంచే ఉంది. ఒంగోలు ప్రాంతపు తొలి కథానాయకుడు యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. పచ్చితోళ్ళు కొని అమ్మడానికి గోదావరి వైపు దాకా తిరిగేవాడు. ఆ తిరుగుళ్ళలోనే క్రీస్తు మాట అతని చెవిన పడింది. 1866 మార్చిలో భార్యతో సహా బాప్తిస్మం పొంది ఊరికి వెళ్ళాక, అదే దారుల్లో, అదే బంధువుల ఇళ్ళ మధ్య తను విన్నది చెప్పాడు. జీతం ఇచ్చి పంపిందెవరూ లేరు. 1867 జనవరిలో క్లౌ అతని ఊరు తాళ్ళకొండపాడు వెళ్ళాడు. ఒంగోలుకు 40 మైళ్ళ దూరం. అక్కడ దొర కోసం కాచుకుని ఉన్నది పేరయ్య ఒక్కడే కాదు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన ముప్ఫై నలభై మంది. వాళ్ళు వట్టి చేతులతో రాలేదు. కొన్నాళ్ళు ఉండడానికి సరిపడా తిండి మూట కట్టుకొచ్చారు, బాప్తిస్మం అయ్యాక కట్టుకోవడానికి మారుబట్టలు తెచ్చుకున్నారు. ఆ మూటలు చూస్తే పని అప్పటికే జరిగిపోయిందని అర్థమవుతుంది. మారుబట్ట తెచ్చుకున్న మనిషి ఆ నిర్ణయం ఇంటి దగ్గరే తీసుకుని బయలుదేరాడు. కొన్ని రోజులు చెట్ల నీడన కూర్చుని ప్రశ్నించి, నేర్పి, క్లౌ ఆ దఫాలో బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు 28 మంది.

పేరయ్యకి ముందు కూడా ఆ దారుల్లో మతం మాట నడుస్తూనే ఉంది. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ బోధకుల నోట విని రాసిపెట్టిన కథనాల్లో, పేరయ్య క్రైస్తవుడు కాకముందు బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడని ఉంది. గురువు స్త్రీ, శిష్యుడు మాదిగ! ఊరి గుడి వాకిట నిలబడనివ్వని మనిషి, గుడితో పనిలేని గురువుని వెతుక్కుంటూ వెళ్ళాడు. పోతులూరి వీరబ్రహ్మం తత్వాలు పాడుకునే జనం, ఊరూరా తిరిగే సాధువులు, శిష్యుల ఇళ్ళలో దిగే గురువులు, ఇదంతా అప్పటికే ఉన్న ఏర్పాటు. క్రైస్తవ బోధకుల జట్లు వచ్చి కూర్చున్నది ఆ అరుగు మీదే. కాబట్టి పరాయి సరుకు పరాయి దారిన వచ్చిందనే మాట సగమే నిజం. పుస్తకం కొత్తదే, దాన్ని మోసుకెళ్ళిన కాళ్ళూ చెప్పిన తీరూ ఇక్కడివి.

ఇక్కడ వెంటనే వినబడే ఆక్షేపణ ఒకటుంది. కడుపు కోసం కలిశారని, గింజల కోసం దేవుణ్ణి మార్చుకున్నారని. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు, ఎందుకంటే ఒంగోలు ప్రాంతంలో పెద్ద సంఖ్యలో చేరిక 1876–78 కరువుని అంటిపెట్టుకునే వచ్చింది. ఆ కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని, వేలాదిమందికి పని చూపించాడు. మేస్త్రీలుగా నిలబెట్టింది తన తెలుగు బోధకులనే. పగలు కొలతలు వేసి కూలి లెక్క చూసిన ఆ మనుషులే పొద్దుగూకాక పనివాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఎక్కడెక్కడి పల్లెల జనమో ఒక్క కాలువ గట్టున నెలల తరబడి కలిసి బతికారు. దూరం పోవాల్సిన మాట ఆ గట్టు మీదే పోగుపడింది. ఆశ ఎవరికీ లేదని ఎవరనగలరు? ఆకలి వేసిన మనిషి తనకి అన్నం పెట్టినవాణ్ణి నమ్మడం తప్పని కూడా నేను అనుకోను. కానీ లెక్క చూడండి. కరువు సాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలలు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, ఇదే నింద వస్తుందని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందింది కాలువ పనీ కూలీ ముగిశాకే. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది కూడా క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఇచ్చారు. దొర గట్టున నిలబడి చూశాడు.

పోగొట్టుకున్నదాని లెక్క కూడా తియ్యాలి. మాదిగ కుటుంబానికి ఊళ్ళో ఉన్న ఆధారం డప్పు కొట్టడం, చెప్పులు కుట్టడం, చచ్చిన గొడ్డుని లాగెయ్యడం, వాటికి బదులుగా కళ్ళం దగ్గర దొరికే గింజలు. కొత్తగా చేరినవాడు ఆదివారం పని చెయ్యననాలి, జాతరలో డప్పు కొట్టననాలి, చచ్చిన గొడ్డు మాంసం తినననాలి. ఈ మూడూ అన్న మర్నాటినుంచి ఊరి పెద్దలు పని మానిపించారు, బావి దగ్గరికి రానివ్వలేదు, కరణాలు దొంగతనం కేసులు పెట్టించారు. గింజ కోసమే అయితే ఉన్న గింజ పోగొట్టుకునే దారి ఎవరూ పట్టరు. 1933లో పికెట్ ప్రచురించిన సామూహిక ఉద్యమాల అధ్యయనంలో, ఎందుకు చేరారని అడిగితే జనం చెప్పిన కారణాలు కలగాపులగంగా ఉన్నాయి. బంధువులు చేరారనీ, దేవుడి మీద నమ్మకమనీ, పిల్లల చదువనీ, మర్యాదనీ. పికెట్ తానూ మిషనరీయే కాబట్టి ఆయన తీర్పుని కొంత తగ్గించుకునే చదవాలి. కానీ ఆ కలగాపులగమే మనుషుల నిర్ణయాలకి అసలైన రూపమని నాకనిపిస్తుంది. పెళ్ళి సంబంధం కుదుర్చుకునేటప్పుడు కూడా ఎవరూ ఒక్క కారణంతో కుదుర్చుకోరు.

రెండో ఆక్షేపణ డబ్బు గురించి. ఎంత తెలుగు బోధకులైనా జీతాలు విలాయతు నుంచో అమెరికా నుంచో వచ్చాయి కదా అని. చాలా చోట్ల అది నిజమే. పల్లె పంతులు జీతం, బడి పైకప్పు, ఆసుపత్రి మందులు బయటి చందాలతోనే నడిచాయి. అయితే ఆ నిందకి సూటిగా ఎదురు నిలబడే ఒక ప్రయాణం తెలుగు నేల మీదే జరిగింది. దాన్ని మన చరిత్రలు ఇంకా కొంచెం గట్టిగా చెప్పుకోవాలి. 1902లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య, అప్పుడు వైఎంసీఏ కార్యదర్శి, సిలోన్‌లోని జాఫ్నా వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషుల్ని వేరే ప్రాంతానికి పంపి పోషించడం చూశాడు. తన సొంత తిరునెల్వేలి సంఘం వాళ్ళకన్నా పెద్దది, పాతది. అయినా పుచ్చుకోవడమే తప్ప పంపడం ఎరగదు. ఆ సిగ్గుతో తిరిగొచ్చి, 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో తోటివాళ్ళతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. డబ్బు మనదే, మనుషులు మనవాళ్ళే, పెత్తనం మనదే అన్నది వాళ్ళ నియమం. ఆ సంఘం పంపిన మొదటి మనిషి శామ్యూల్ పాకియనాథన్ వెళ్ళిన చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

తిరునెల్వేలి నుంచి డోర్నకల్ దాదాపు 1,200 కిలోమీటర్లు. మద్రాసు నుంచి బెజవాడకి రైలు పడి అప్పటికి కొన్నేళ్ళే అయింది. బెజవాడ నుంచి నిజాం రైలు. సింగరేణి బొగ్గు కోసం యెల్లందుకి చీలే కొమ్మలైను వల్ల డోర్నకల్‌కి జంక్షన్ అనే పేరొచ్చింది, అంతకు మించి అదొక పెద్ద ఊరు కాదు. అక్కడ దిగిన తమిళుడికి తెలుగు రాదు, కచేరీలో నడిచే ఉర్దూ అసలే రాదు. తాటిచెట్లు తప్ప తనవి అనిపించేవి ఏమీ లేవు. ఇంగ్లీషువాడికి తెలుగు ఎంత పరాయిదో ఆ క్షణంలో ఇతనికీ అంతే. అయితే తేడా ఒకటుంది. ఇతని వెనక నిలబడినవాళ్ళు తాటితోపుల్లో, పొలాల్లో కష్టం చేసుకునే సాదా సంఘస్తులు. దక్షిణాది సంఘాల్లో ఒక పాత అలవాటు, తెలుగు సంఘాల్లోనూ ఉంది. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా ఒక కుండలో వేస్తుంది. వారం చివర ఆ కుండ గుడికి వెళ్తుంది. ఆ గుప్పెళ్ళతో నడిచే పని రుచి వేరు. చందా రాసిన ధనికుడు ఏడాదికోసారి ఆ పనిని తలుచుకుంటాడు, గుప్పెడు తీసిన మనిషి పూట పూటా తలుచుకుంటుంది.

1909లో అజరయ్య ఉద్యోగం మానుకుని, గురువుగా అభిషేకం పొంది, తనే డోర్నకల్ వచ్చాడు. అప్పటికి వయసు 35. ఆ వయసులో అఆలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నాడు. మరుసటేడు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, అక్కడ ఆయన మాట్లాడిన విషయం నేను చెబుతున్న బండి విషయమే. మిషనరీల త్యాగాన్ని ముందుగా మెచ్చుకుని, ఆ తర్వాత సభ ఉలిక్కిపడేలా అడిగాడు. మీరు మాకు అన్నీ ఇచ్చారు, స్నేహం ఇవ్వండని. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన భారతీయుణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టిన మిషనరీలు ఎందరని ప్రశ్నించాడు. సభలో కొందరికి కోపం వచ్చింది. కానీ దూరపు పల్లెల పర్యటనలు తెలిసినవాళ్ళకి ఆయన దేని గురించి అంటున్నాడో అర్థం కావాలి. దొరకి గుడారం, మడతమంచం, వంటవాడు. వెంట వచ్చిన బోధకుడికి చెట్టుకింద చోటు. ఇద్దరూ చెప్పేది ఒకే మాట, పల్లె జనం మాత్రం మాటతోపాటు ఆ రెండు పక్కలూ చూస్తారు. ఎవరి పక్కలో ఎవరికి చోటుందో చూసి బోధని తూచడం మాలపల్లెకి, మాదిగపల్లెకి తరతరాల అనుభవం నేర్పిన విద్య.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు. ఎడ్లబండి మీద, సైకిలు మీద, నడిచీ ఆయన తిరిగిన ఊళ్ళకి లెక్కలేదు. ఆయన పాలనలో నేను అన్నిటికన్నా గొప్పదనుకునేది మాత్రం 1939లో ప్రతిష్ఠించిన అందమైన కెథీడ్రల్ కాదు, 1920లు, 30లలో ఏటా జరిగిన సాక్ష్య వారం. ఆ వారం జీతగాళ్ళకోసం పెట్టింది కాదు. కూలీలు, పాలేళ్ళు, ఆడవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు పనులు మానుకుని జట్లు జట్లుగా పక్క ఊళ్ళకి వెళ్ళి, పాడి, తమ బతుకులో ఏం మారిందో చెప్పి రావాలి. కూలి పోతుంది, తిండి మోసుకెళ్ళాలి. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత ఆయన ఒక పని చేయించేవాడు. చెయ్యి తన నెత్తిమీద తనే పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాటని తన మాటగా పలకాలి. అక్షరం రాని మనిషికి ఆ క్షణంలో ఒక బాధ్యత, దానితోపాటు ఒక గౌరవం దక్కాయి. నీ నోటి మాటకి విలువుందని అంతకుముందు ఎవరూ అతనితో అని ఉండరు. పాట, నాటకం, కాలక్షేపం లాంటి మనవాళ్ళకి అలవాటైన పద్ధతుల్ని అజరయ్య ప్రోత్సహించాడు. కీర్తనల్లో అప్పటికే పురుషోత్తమ చౌదరి వేసిన బాట ఉంది. 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన ఆయన పదాలు పుస్తకం అక్కర్లేకుండానే నోళ్ళమీద నడిచేవి. జట్టుకి కావలసింది అదే, చేతిలో తంబురా, నోట్లో పాట. 1941 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. జీతాల పట్టీతో అంత పని జరగదు.

ఈ సంఖ్యలు చూసే గాంధీజీ అభ్యంతరం చెప్పారు. అందులో ఆయనకీ అజరయ్యకీ మధ్య 1930లలో గట్టి వాదమే నడిచింది. 1936లో అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, మతాల తారతమ్యం ఎంచగల శక్తి హరిజనులకి లేదంటూ ఆవు పోలిక కూడా తెచ్చారు. గాంధీజీ ఉద్దేశం బలహీనుణ్ణి ప్రలోభం నుంచి కాపాడడమేనని ఒప్పుకుంటాను. మతమార్పిడి లెక్కలు రాజకీయ బేరాలకి పనికొస్తున్న కాలం అది, ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. అయినా ఆ మాట వాస్తవానికి ఎదురు నిలవదు. వీరమ్మ దగ్గర ఏళ్ళ తరబడి యోగం నేర్చి, అది చాలదనుకుని, తోళ్ళ మూటతో తిరుగుతూ విన్న మరో మాటని తూచి చూసి, భార్యతో ఆలోచించి నిర్ణయించుకున్న పేరయ్యకన్నా తారతమ్యం ఎంచినవాడు ఎవడు? సాక్ష్య వారంలో తన పాలేరు తాగుడు మానడం, పిల్లల్ని బడికి పంపడం కళ్ళారా చూసి 1930లలో కొందరు రైతు కులాలవాళ్ళు కూడా సంఘాల్లో చేరారు. వాళ్ళకి బోధ చేసింది వాళ్ళ కూలీలే. తెలివి లేదనుకున్నవాడి దగ్గర పాఠం నేర్చుకోవడానికి వాళ్ళు సిగ్గుపడలేదు.

ఇంతవరకు నేను చెప్పినదానికి నేనే చెప్పుకోవలసిన అడ్డం ఒకటుంది, పైవాటికన్నా ఇది బరువైనది. మాట బంధుత్వాల దారిన పాకిందన్నాను కదా. ఆ దారికి రెండు పక్కలా కులం గోడలున్నాయి. పేరయ్య మాదిగ కాబట్టి ఒంగోలు బాప్టిస్టు సంఘం ప్రధానంగా మాదిగలదైంది. కృష్ణా ప్రాంతంలో రాఘవాపురం పగోలు వెంకయ్య మాల కాబట్టి, 1859లో ఆయన బాప్తిస్మం తర్వాత అక్కడి ఆంగ్లికన్ సంఘం ఎక్కువగా మాలలదైంది. వేగం ఇచ్చిన దారే విభజనా ఇచ్చింది. ఒకే గుళ్ళో రెండు వైపులా కూర్చోవడం, ఒక పల్లె బోధకుడు మరో పల్లెలో నీళ్ళు ముట్టకపోవడం, పెళ్ళిళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోవడం, వీటితో అజరయ్య చివరిదాకా కుస్తీ పట్టాడు, 1945 జనవరి 1న కన్నుమూసేనాటికీ అవి తీరలేదు. ఎడింబరోలో దొరల్ని అడిగిన ప్రశ్న, కలిసి తిన్నారా అన్నది, డోర్నకల్‌లో తన సంఘస్తుల్నే అడగవలసి వచ్చింది. ఇది నా వాదనని కొట్టేస్తుందా? కొలత సరైనదని రుజువు చేస్తుందనే నేననుకుంటాను. బండిలో చోటు ఇచ్చినంత దూరమే ఆ పని వెళ్ళింది, ఇవ్వని దగ్గర ఆగింది.

చరిత్ర రాసేవాళ్ళు కూడా ఈ చోటు ఇవ్వడంలో వెనకబడ్డారు. కాకినాడ సంగతి చూడండి. టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు, ఏ విదేశీ సంఘమూ పంపకుండానే అక్కడ సువార్త పని మొదలుపెట్టాడు. ఉద్యోగం వదిలాడు, దాచుకున్నది ఖర్చుపెట్టాడు, అది చాలక అప్పు చేశాడు, తోడుగా వచ్చినవాళ్ళతో ఊళ్ళు తిరిగాడు. మొయ్యలేని స్థితి వచ్చాక తనే కెనడా బాప్టిస్టుల్ని రమ్మని పిలిచాడు. వాళ్ళ తరఫున జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడలో దిగాడు. గాబ్రియేల్ ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. 1924లో ఆ మిషన్ స్వర్ణోత్సవం జరుపుకుంది. యాభై ఏళ్ళ లెక్క 1874 నుంచి మొదలవుతుంది. అంతకుముందు కాకినాడ చుట్టూ ఊళ్ళలో అప్పు డబ్బుతో తిరిగిన సంవత్సరాలు ఆ లెక్కలోకి రాలేదు.